అమ్మ సవరం, జపాను కత్తి

పెండిల్ హిల్ స్టేషను దగ్గర ఒక టిఫిన్ హోటలుంది. శనివారం పొద్దున మనవణ్ణి ఈతకు తీసుకెళ్లి, వస్తూ వస్తూ అక్కడ దోసె తినడం మా ఇద్దరికీ అలవాటు. మొన్న దోసె కోసం ఎదురుచూస్తూ ఫోను చూస్తుంటే, జపానులో ఒక ముసలి నటుడు పోయాడన్న వార్త కనిపించింది. ఇక్కడి పత్రిక దానికి పెద్ద చోటే ఇచ్చింది. రెండు ఫోటోలు వేసింది. ఒకదానిలో నడినెత్తిన ముడి, నడుముకు కత్తి, పదునైన కళ్లు. రెండోదానిలో అదే ముడి, అదే కత్తి, కళ్ల కింద మాత్రం వేలాడే చర్మం.

మనవడు తొంగి చూశాడు. "హూ ఈజ్ దట్, తాతా?"

"నా చిన్నప్పటి హీరో."

"డిడ్ యూ నో హిమ్?"

వాడు ఊరికే అడిగాడు. నాకు మాత్రం దోసె వచ్చాక కూడా చెయ్యి కదల్లేదు. ఆ హోటలుకు నాలుగడుగుల దూరంలో ఉన్న వీధిలో, వీడి వయసులో ఉన్నప్పుడు, ఇదే ప్రశ్న నన్ను ఒకడు అడిగాడు. తెలుసునన్నాను.

అప్పట్లో ఈ ఊళ్లో దోసె మాట అటుంచి, మినప్పప్పే లేదు. ఈ వీధులనిండా రేకుల గోడల చిన్న ఇళ్లు, వెనక పెద్ద పెరళ్లు. ఆదివారం మధ్యాహ్నం ప్రతి వంటింట్లోంచీ వేగుతున్న గొర్రెమాంసం కొవ్వు వాసన వచ్చేది, దాని వెనకే కోసిన గడ్డి వాసన. మా ఇంట్లోంచి ఇంగువ పోపు వెళ్లి ఆ రెండింటినీ కలుపుకునేది. నాన్న దేశం దాటి ఇక్కడి యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి వచ్చాడు. పొద్దున్నే రైలెక్కితే దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవాడు. తెలుగు మాట వినాలంటే అమ్మకు నాన్న, నేను, ఆదివారం వచ్చే బాబాయ్. అంతే.

బాబాయ్ అంటే నాన్న తమ్ముడు కాదు. తెనాలి నుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చి, ఒక ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఆవిడ పెట్టే ఉడకబెట్టిన క్యాబేజీ వారమంతా తిని, ఆదివారం మా ఇంటికొచ్చి పడేవాడు.

అమ్మ ఇక్కడి కూరగాయల కొట్లో ఎర్రటి కాడలేవో చూసింది. ఇక్కడివాళ్లు వాటిని పంచదారలో ఉడికించి తింటారు. అమ్మ కాడ కొరికి చూసి, పులుపు తగలగానే ఒక మోపు కొని తెచ్చి, ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరింది.

"ఇది గోంగూరంటే నేను ఒప్పుకోను వదినా," అన్నాడు బాబాయ్, వేళ్లు నాకుతూ. "ఇంకో ముద్ద వెయ్యి."

"ఒప్పుకోనివాడికి రెండో ముద్ద దేనికయ్యా?"

"ఒకటికి రెండుసార్లు పరిశీలించి చెప్పాలిగా. అంతేనా అన్నయ్యా?"

నాన్న పేపరు వెనక నుంచి, "నిన్ను ఇంజనీరింగుకి పంపిన వాళ్లననాలి," అనేవాడు. "నాటకాల్లో ఉండాల్సినవాడివి."

అది నిజమే. బాబాయ్ చిన్నప్పటినుంచీ పౌరాణిక నాటకాలాడాడు. మీసం రాకముందు ఆడవేషాలు, వచ్చాక రాజు వేషాలు. హార్మోనియం వాయించే ఒక గురువు దగ్గర పద్యం నేర్చుకున్నాడు. ఉగాదికి నేను కాళ్లకు దండం పెడితే, స్టేజీ గొంతుతో, వీధి చివరిదాకా వినిపించేలా దీవించేవాడు. ఆయన వేషంలో ఉన్న ఫోటో మా ముందు గదిలో ఉండేది. గోడకు మేకు కొట్టడానికి ఆ ముసలావిడ ఒప్పుకోదని మా ఇంట్లో పెట్టించాడు. వనవాసంలో ఉన్న రాజు వేషం అది. కిరీటం ఉండదు. జుట్టు నెత్తిన ముడి, చేతిలో కత్తి, చెవులదాకా లాగిన కాటుక కళ్లు.

"రంగు పూసుకునే ముందు రంగుడబ్బాని కళ్లకద్దుకోవాలి," అని నాకు చెప్పేవాడు. "పూసుకున్నాక ఇంక నువ్వు నువ్వు కాదు. ఇంట్లో నిప్పంటుకుందని ఎవడొచ్చి చెప్పినా, తెర పడేదాకా వేషం మధ్యలో తియ్యకూడదు. తీసినవాడు మళ్లీ రంగు ముట్టుకోకూడదని మా గురువు మాట."

పక్కింట్లో ఎర్రజుట్టు కుర్రాడొకడుండేవాడు. నా ఈడువాడే. వాడి నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవాడు. మాట తక్కువ. మా గేటు విరిగితే అడక్కుండానే వచ్చి బాగుచేశాడు. నాకు సైకిలు నేర్పాడు. వాళ్ల చెట్టు నిమ్మకాయలు గోడ మీద వరుసగా పెట్టి వెళ్లేవాడు. బాబాయ్ వెళ్లేటప్పుడు ఆయన జేబుల్లో కూడా నాలుగు కుక్కేవాడు. అమ్మ కృతజ్ఞతగా ఒకసారి గిన్నెడు పరమాన్నం పంపింది. గిన్నె తోమి, నిమ్మకాయలతో తిరిగొచ్చింది. రెండ్రోజుల తర్వాత ఎర్రజుట్టు వాడు, "మీ అమ్మ పాయసం మా కుక్కకి భలే నచ్చింది," అన్నాడు.

అమ్మ ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం నాన్న చెప్పాడు. పక్కింటాయన యుద్ధంలో జపాను వాళ్లకు చిక్కి, ఖైదీగా ఏళ్లతరబడి బతికాడట. వాళ్లు పెట్టిన గుప్పెడు అన్నం తప్ప ఇంకేమీ లేకుండా. "అన్నం వాసన పడదు ఆయనకి. నీ చేతివంట కాదు తప్పు," అన్నాడు. అమ్మ మర్నాడు పచ్చి బటాణీ పప్పు నానేసి వడలు చేసి పంపింది. ఆ గిన్నెలో ముక్క కూడా మిగల్లేదు.

నేను ఆ మాటలు విన్నాను. అర్థమయ్యే వయసే. తర్వాత సంగతి చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే జపాను సీరియల్ మా బళ్లో అంటువ్యాధిలా పాకింది. బడి విడిచిపెట్టగానే వీధులు ఖాళీ. టీవీ ఉన్న ఇంట్లో గుంపులుగా పిల్లలు. నలుపూ తెలుపులో ఒక కత్తివీరుడు దుర్మార్గుల్ని నరుక్కుంటూ ఊరూరూ తిరిగేవాడు. మేం పళ్ల డబ్బాల మూతలు కత్తిరించి, అందులో శత్రువుల మీదకు విసిరే ఇనప నక్షత్రాల్లాంటివి చేసి, చెట్లకు విసిరేవాళ్లం. ఒకడి నుదురు చీరుకుపోతే హెడ్మాస్టరు వాటిని నిషేధించాడు. వాటి ధర రెట్టింపైంది. ఒక్కో నక్షత్రానికి రెండు గోళీలు.

పిల్లల పత్రికలో ఆ నటుడి కథ వేశారు. నాకు దాదాపు కంఠతా వచ్చేసింది. ఆయన చేపల కొట్టువాడి కొడుకు. స్టూడియోలో మొదట దొరికిన వేషం శవం. యుద్ధం సీనులో బురదలో పడి ఉండాలి, ఊపిరి తీస్తున్నట్టు కనబడకూడదు. అలా ఏళ్లపాటు శవంగా పడి ఉండి, నరికేవాళ్ల కాళ్లను కింద నుంచి చూసి కత్తియుద్ధం నేర్చుకున్నాడట. సొంత దేశంలో ఆయన పేరు మామూలుదే. మా దగ్గర మాత్రం దేవుడు.

బళ్లో చాలామంది నాన్నలు ఆ దేశంతోనే యుద్ధం చేసి వచ్చారన్న సంగతి మా పిల్లలెవరికీ పట్టలేదు. ఎర్రజుట్టు వాళ్లింట్లో టీవీ పెట్టగానే వాళ్ల నాన్న లేచి పెరట్లో షెడ్డుకు వెళ్లిపోయేవాడు. ఇక్కడ కత్తుల చప్పుడు, అక్కడ సుత్తి చప్పుడు. సీరియల్ అయ్యాక సుత్తి ఆగేది.

ఒకరోజు ఎర్రజుట్టు వాడు మా ముందుగదిలోకి వచ్చి, బాబాయ్ ఫోటో ముందు నిలబడిపోయాడు.

"ఇది ఆయనే కదూ?" అన్నాడు. "కత్తివీరుడు! మీ ఇంట్లో ఈయన ఫోటో ఎందుకుంది? ఈయన నీకు తెలుసా?"

నా టిఫిను డబ్బాలో పులిహోర చూసి ముక్కు మూసుకునే బడి అది. ఆటలో ఎప్పుడూ చచ్చే వేషమే నాది.

"తెలుసు. మా అంకులే," అన్నాను.

ఫోటోలో ఉన్నాయన నాకు అంకులే. ఆ మాటలో అబద్ధం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మర్నాటికి బడంతా పాకింది. ఆదివారాలు మా ఇంటికొచ్చి మా అన్నమే తింటాడని కూడా నేనే చెప్పాను. అదీ నిజమే. నా డబ్బా చుట్టూ మూగి పులిహోర రుచి చూశారు. నాకు మొదటిసారి కత్తి చేతికొచ్చింది.

ఇంతలో ఆ నటుడు మా ఊరికొస్తున్నాడని, స్టేజీ మీద యుద్ధం చేసి చూపిస్తాడని పేపర్లో పడింది. దానికి ముందు ఆదివారం ఎర్రజుట్టు వాడి పుట్టినరోజు.

"మీ అంకుల్‌ని తీసుకురా మేట్," అన్నాడు వాడు. "ఒక్క ఐదు నిమిషాలు. ఊళ్లోనే ఉంటాడుగా."

అందరూ నా వైపు చూశారు. సరేనన్నాను.

బాబాయ్‌కి సగమే చెప్పాను. "పుట్టినరోజుకి పిల్లలు వేషం చూడాలంటున్నారు. టీవీలో జపాను కత్తివీరుడు లేడూ, అలాంటిది."

బాబాయ్ మొహం వెలిగిపోయింది. వచ్చి ఏడాది దాటినా ఆయన మొహానికి రంగు తగల్లేదు. "వేషమా? దొరల పిల్లలకా? పద, వేద్దాం. ఆ వీరుడు ఎలా నడుస్తాడో చెప్పు."

పక్కింటాయన సంగతి బాబాయ్‌కి చెప్పలేదు. ఆ ఆదివారం వాళ్ల నాన్న చేపలకెళ్తాడని, చీకటి పడేదాకా రాడని ఎర్రజుట్టు వాడు నాకు చెప్పాడు. అది చాలనుకున్నాను. అమ్మకు రాజు వేషమని చెప్పాను.

"నా సవరం పాడుచేస్తే ఊరుకోను," అంది అమ్మ, పెట్టెలోంచి తీసిస్తూ. "ఈ దేశంలో ఇంకోటి దొరకదు."

అమ్మ జడలో చేర్చి అల్లుకునే ఆ సవరాన్నే బాబాయ్ నడినెత్తిన ముడిగా కట్టుకున్నాడు. నాన్న నల్లటి డ్రెస్సింగ్ గౌను, దాని మీద నడుముకు బిగించిన నాన్న పట్టు కండువా, కాళ్లకు రబ్బరు చెప్పులు. పరదా కర్రకు టీ పొట్లాల వెండికాగితం చుట్టి కత్తి. మొహానికి పౌడరు. చివర అమ్మ కాటుకభరిణె చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఉండిపోయాడు. తెరిచాక ఆయన మా బాబాయ్‌లా లేడు.

పక్కింటి పెరట్లో బల్ల మీద వెన్న రాసి రంగు చక్కెర పూసలు చల్లిన రొట్టె ముక్కలు, సాసేజిలు. మేం గోడ పక్క సందులోంచి వెళ్లాం. బాబాయ్‌ని చూడగానే పిల్లల నోళ్లు తెరుచుకున్నాయి. ఎర్రజుట్టు వాడు ఆ నటుడి పేరు పెట్టి పిలిచి, "మీరు నిజంగా వస్తారని మా అమ్మ నమ్మలేదు సర్," అన్నాడు.

బాబాయ్ నా వైపు చూశాడు. ఆయనకు అంతా తెలిసిపోయిందని ఆ చూపులోనే కనబడింది. తను ఆ నటుడి వేషంలో ఉన్నాడని కాదు, ఆ నటుడే అయి ఉన్నాడని. కానీ మొహాన రంగుంది. నోరు మెదపకుండా తల పంకించి, కత్తి దూశాడు.

అది జపాను నడక కాదు. తెనాలి నడక. నాటకంలో యుద్ధానికెళ్లే రాజు నడక, పెదాల కింద తాళం వేసుకుంటూ. అయినా పెరడంతా ఊపిరి బిగబట్టింది. ఎర్రజుట్టు వాడి అమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. తర్వాత గేటు వైపు చూసింది. పిల్లల్లో ఒక్కొక్కడే ముందుకెళ్లి, కత్తి తగలగానే సంతోషంగా చచ్చిపోయాడు. చివరికి నన్ను కూడా నరికాడు. నేను నెమ్మదిగా, చాలా బాగా పడిపోయాను.

అలా గడ్డిలో శవంలా పడి, కనురెప్పల సందులోంచి చూస్తున్నప్పుడు, గేటు దగ్గర రెండు రబ్బరు బూట్లు కనబడ్డాయి.

ఎర్రజుట్టు వాడి నాన్న బకెట్ నెమ్మదిగా కింద పెట్టాడు. మడమలు దగ్గరకు చేర్చాడు. చేతులు తొడలకు ఆనించాడు. నడుము దగ్గర నుంచి బాబాయ్ వైపు వంగాడు. వీపు బల్లపరుపుగా, కళ్లు నేలకు. అలాగే ఉండిపోయాడు.

"గుడ్ వన్, డాడ్!" అని ఎర్రజుట్టు వాడు నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. ఆయన లేవలేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బకెట్లో చేప ఒకటి తోక కొట్టుకుంటోంది.

బాబాయ్ ముందు తన వెనక్కి తిరిగి చూశాడు, ఆ దండం ఎవరికోనని. వెనక ఎవరూ లేరు. కత్తి వదిలేశాడు. సవరం పీకి గడ్డిలో పడేశాడు. గౌను చేత్తో మొహం తుడుచుకుంటూ పరుగెత్తి, ఆయన రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"సర్, ఇట్స్ మీ. నెక్స్ట్ డోర్. ద స్టూడెంట్. మీరు నాకు నిమ్మకాయలిచ్చారు. ప్లీజ్ సర్, లేవండి. ప్లీజ్."

భుజాలు పట్టి ఆయన్ని మెల్లగా నిలబెట్టాడు. ఆయన బాబాయ్ మొహం చూశాడు. పౌడరూ కాటుకా కలిసి బూడిదరంగైన మొహం. నడిచి షెడ్డులోకి వెళ్లి తలుపేసుకున్నాడు. సుత్తి చప్పుడు వినబడలేదు.

ఎర్రజుట్టు వాడు నా మీదకు తిరిగాడు. "వీడు ఆయన కాదు. మీ ఇంటికొచ్చే స్టూడెంటు. నువ్వు చెప్పావుగా!"

నేనింకా గడ్డిలోనే ఉన్నాను. లేచి నిలబడ్డాను.

"తనే చెప్పాడు," అన్నాను, బాబాయ్ వైపు వేలు చూపిస్తూ. "తను ఆయనేనని నాతో చెప్పాడు. నాకేం తెలుసు?"

బాబాయ్ ఆ వేలు వంక చూశాడు. "అవును," అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "నేనే చెప్పాను. ఇది వీడి తప్పు కాదు." తర్వాత వంగి సవరం తీసి దులిపాడు. మా గేటు దగ్గరకొచ్చాక ఒకే మాటన్నాడు. "దీన్లో ఇంకా గడ్డి ఉంది. ఏరి అమ్మకియ్యి."

ఆ రాత్రి నాన్న బాబాయ్‌ని కూర్చోబెట్టి చీవాట్లు పెట్టాడు. చదువుకున్నవాడివి, నీకు బుద్ధి లేదా, ఆ ఖైదులో జపాను కాపలావాడు కనబడినప్పుడల్లా అలా వంగి నిలబడకపోతే చావబాదేవాళ్లట, అన్నాడు. ఆయన తల వంచుకుని విన్నాడు. నేను పక్కనే కూర్చుని పచ్చడన్నం తింటున్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నోట్లో ముద్దతో పాటు మింగేశాను. నా తప్పుల్లో ఇదే పెద్దదని చెప్పను. కానీ తర్వాతి వాటన్నిటికీ నమూనా ఇదే. ఉద్యోగంలో గానీ కాపురంలో గానీ, ఇరుక్కున్నప్పుడల్లా నా వేలు ముందు పక్కవాడి వైపే లేచింది.

ఎర్రజుట్టు వాడు నాతో మాట్లాడడం మానేశాడు. ఇక ఆ నటుణ్ణి చూసే యోగం లేదనుకున్నాను. ప్రదర్శన రోజున వాళ్ల నాన్న మా గేటు దగ్గర కారు ఆపి హారన్ కొట్టాడు. చేతిలో టిక్కెట్లు. "నీక్కూడా తీసుకున్నా. ఎక్కు," అన్నాడు.

హాలు దగ్గర మా ఇద్దర్నీ దింపి, "నేనిక్కడే ఉంటా," అన్నాడు.

లోపల వేల పిల్లల అరుపులు. నటుడు చాలా దూరంగా, బొటనవేలంత కనిపించాడు. దూకాడు, నరికాడు, పడినవాళ్ల మధ్య నిలబడ్డాడు. అన్నీ చూశాను, ఒక్కటీ చూసినట్టు గుర్తులేదు. చివర ఆయన స్టేజీ ముందుకొచ్చి, చేతులు తొడలకు ఆనించి, నడుము దగ్గర నుంచి మా పిల్లలందరి వైపు వంగాడు. హాలు దద్దరిల్లింది. నేను కళ్లు మూసుకున్నాను. పక్కన ఎర్రజుట్టు వాడు కూడా చప్పట్లు కొట్టలేదు.

బయటకొస్తే వాళ్ల నాన్న కారులో, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"బాగుందా?"

"బాగుంది, డాడ్."

"గుడ్," అన్నాడు. దారంతా కారు కిటికీలు తెరిచే ఉన్నాయి.

ఆ నటుడి మిగతా జీవితం నేను మొన్నటి వార్తలోనే చదివాను. మా ఊరొచ్చి వెళ్లాక ఆ సీరియల్ ఎంతో కాలం నడవలేదు. హీరో వేషాలు తగ్గాయి. విలన్ అయ్యాడు, తర్వాత కొత్త హీరోల చేతిలో మొదటి రీలులోనే చచ్చే ముసలి గురువు అయ్యాడు. ఆఖరికి స్టూడియోలో కుర్రాళ్లకు పడడం నేర్పే పని. శవంగా మొదలైనవాడు శవాలకు పాఠం చెప్పాడు. దెబ్బ తగలకుండా ఎలా పడాలి, ఊపిరి ఎలా దాచాలి. పోవడానికి ఏడాది ముందు కూడా ఒక పిల్లల పండగలో ముడి కట్టుకుని కత్తి దూశాడట. మళ్లీ మళ్లీ రంగు పూసుకుంటూనే పోయాడు.

మా బాబాయ్ మళ్లీ పూసుకోలేదు.

ఆదివారాలు రావడం తగ్గించాడు. చదువైపోయాక మెల్‌బోర్న్‌లో ఉద్యోగమొచ్చింది. కాలక్రమాన ఇక్కడ మనవాళ్లు పెరిగారు, సంఘాలు పెట్టుకున్నారు, దీపావళికి నాటకాలు వేసుకున్నారు. ప్రతిసారీ ఎవరో ఒకరు బాబాయ్‌ని అడిగేవారు. "అంకుల్, మీరు ఊళ్లో పెద్ద ఆర్టిస్టంట కదా. ఒక్క సీను." ఆయన నవ్వి పద్యం మాత్రం పాడేవాడు. రంగు వద్దనేవాడు. వేషం మధ్యలో తీసినవాడు కనుక, గురువు మాట కనుక, అని నాకు తెలుసు. కారణం నేననీ తెలుసు. ఆ సభల్లో నేను వెనక వరసలో కూర్చునేవాణ్ణి.

ఆయనకు ఇంకో పట్టుదల కూడా ఉంది. ఎవర్నీ కాళ్లకు దండం పెట్టనివ్వడు. కూతురి పెళ్లిలో అల్లుడు వంగబోతే, భుజాలు పట్టుకుని ఆపేశాడు. మా అబ్బాయి పెళ్లిలోనూ అంతే. "అంకుల్ సో ప్రోగ్రెసివ్," అని పిల్లలు మురిసిపోతారు. మేమూ అలాగే అనుకున్నాం.

వార్త చదివిన తర్వాతి వారం మెల్‌బోర్న్ వెళ్లాను. బాబాయ్ కూతురి దగ్గర ఉంటున్నాడు. కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్లమన్నాడు. దర్శనం అయ్యాక క్యాంటీన్లో, చేతికర్ర బల్లకు ఆనించి, పులిహోర ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర కుర్రాళ్లు వీసాల గురించీ ఇళ్ల రేట్ల గురించీ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నేను ఫోను తీసి ఇచ్చాను.

బాబాయ్ ఆ ముసలి నటుడి ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఎడమకంటికి కాటుక సరిగ్గా దిద్దలేదు," అన్నాడు. "వణికుంటుంది చెయ్యి. తనే పెట్టుకున్నాడన్నమాట. మంచివాడు."

"బాబాయ్," అన్నాను. "ఆ రోజు పక్కింటి పెరట్లో..."

"ఊఁ."

"నువ్వు చెప్పావని నేను చెప్పాను. నువ్వు చెప్పలేదు."

ఆయన నా వంక వింతగా చూశాడు. "నాకు తెలీదేంట్రా? నేనక్కడే ఉన్నాగా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అది కాదు. నా వల్ల నువ్వు వేషం మధ్యలో తీశావు. అందుకే మళ్లీ రంగు ముట్టుకోలేదు. ఇన్నేళ్లూ నేను..."

"ఓరి పిచ్చాడా. ఇన్నేళ్లూ అది నెత్తినేసుకుని తిరుగుతున్నావా?" అని పులిహోరలో వేరుశనగ గింజ ఏరి నోట్లో వేసుకున్నాడు. "నీ అబద్ధం చిన్నపిల్లాడి అబద్ధం. దానికి నేను అప్పుడే వంత పాడేశా, అయిపోయింది. గురువుగారి మాట కూడా కాదులే. మనిషి అలా ఉంటే వేషం తియ్యకుండా నిలబడమని ఏ గురువూ చెప్పడు."

"మరి?"

పక్క బల్ల కుర్రాళ్లు లేచి వెళ్లారు.

"తెనాల్లో ఎన్ని వేషాలేశాను. జనం వన్స్‌మోర్ అనేవాళ్లు, ఈలలేసేవాళ్లు. కానీ వాళ్లందరికీ తెలుసు, నేను ఫలానావాళ్ల అబ్బాయినని. నన్ను చూసి నేను కానని నూటికి నూరుపాళ్లు నమ్మినవాడు నా జన్మలో ఒక్కడేరా. పరదా కర్ర పట్టుకున్న నన్ను చూసి ఆయన వంగాడు. అంత బాగా చేశానన్నమాట." చేతులు బల్ల మీద ఆనించి చూసుకున్నాడు. "భయమేసింది. ఇంకోసారి అంత బాగా చేస్తానేమోనని."

పశ్చాత్తాపం పేరుతో ఇన్నేళ్లూ ఆ కథలో నన్నే మధ్యలో నిలబెట్టుకున్నాను. దాని మధ్యలో ఉన్నది బకెట్ పక్కన పెట్టి వంగిన ఒక మనిషి. బాబాయ్ ఆయన్ని ఒక్కరోజూ మర్చిపోలేదు. నేను నా వేలుని మాత్రమే గుర్తుపెట్టుకున్నాను.

లేచి కుర్చీ పక్కకు జరిపి, ఆయన కాళ్ల వైపు వంగాను. క్షమించమని అడగడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. సగం దూరం వెళ్లానో లేదో, నా రెండు భుజాల మీదా చేతులు పడ్డాయి. ముసలి చేతులు. అయినా నా బరువంతా పట్టి ఆపాయి.

"వంగకురా," అన్నాడు బాబాయ్. "లే. ప్లీజ్, లే."

ఆ గొంతు నేను ఇంతకు ముందు ఒక్కసారే విన్నాను, గడ్డిలో శవంలా పడి. మెల్లగా నిటారుగా నిలబడ్డాను. ఆయన నా భుజాలు వదల్లేదు. నేను నిజంగా నిలబడ్డానో లేదో చూసుకుంటున్నట్టు, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.